మిగిలిన టోకెన్లు ఎవరి వాటా? బ్లాక్‌చెయిన్ ఖజానాల్లో ఖర్చుకాని నిధుల పంపిణీ

సంక్షిప్తంగా: బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ సభ్యుల ఓటుతో ఖర్చుపెట్టే ఉమ్మడి నిధే ఖజానా. అందులో ఖర్చుకాని టోకెన్లను (ఆ నెట్‌వర్క్ సొంత డిజిటల్ నాణేలను) కాల్చేసినా, అంటే చెలామణి నుంచి శాశ్వతంగా తీసేసినా, దాచినా, పంచినా ఎవరో ఒకరికి లాభం చేరుతుంది. మూడు పద్ధతులకూ తేడా ఆ లాభం ఎవరికన్నదే. ఓటు వేసినవారికి మిగులు పంచే పథకంలో ఒక చిక్కు ఉంది: ప్రతిపాదనలను తిరస్కరించిన కొద్దీ ఓటరు ఆదాయం పెరుగుతుంది. ఆ ముడి విప్పకుండా పంపిణీ మొదలుపెడితే సభ్యుల భాగస్వామ్యం అంకెల్లో పెరిగినా, నెట్‌వర్క్‌కు పనికొచ్చే ఖర్చులు ఆగిపోతాయి.

ఎందుకు మిగులుతుంది

ప్రభుత్వ శాఖలకు కేటాయించిన సొమ్ము మార్చి 31లోగా ఖర్చు కాకపోతే మురిగిపోతుంది. అందుకే మార్చి చివరి వారంలో బిల్లులు పరుగులు తీస్తాయి. బ్లాక్‌చెయిన్ ఖజానాలను రూపొందించినవారికి ఈ జబ్బు తెలియనిది కాదు. దానికి వేసిన మందు మాత్రం ఒక్కో నెట్‌వర్క్‌లో ఒక్కో రకం.

ఈ ఖజానాలకు రాబడి ఎవరి ప్రమేయం లేకుండా వచ్చిపడుతుంది. పోల్కాడాట్‌లో కొత్తగా పుట్టే టోకెన్లలో ఒక వాటా, లావాదేవీల రుసుముల్లో 80 శాతం, తప్పు చేసిన వ్యాలిడేటర్ల (లావాదేవీలను సరిచూసేవారి) నుంచి కోసిన జరిమానాలు ఖజానాకు వెళ్లేలా మొదట ఏర్పాటు చేశారు. 2024 నవంబరులో ద్రవ్యోల్బణ సూత్రాన్ని మార్చి ఏటా 12 కోట్ల డాట్‌లు (పోల్కాడాట్ టోకెన్లు) పుట్టాలని, అందులో 15 శాతం, అంటే 1.8 కోట్లు, ఖజానాకు చేరాలని ఖరారు చేశారు. కార్డానోలో ప్రతి 5 రోజుల ఎపాక్ అనే గడువుకు, ఇంకా విడుదలకాని టోకెన్ల నిల్వలోంచి 0.3 శాతం తీసి, దానికి రుసుములు కలిపి, ఆ మొత్తంలో 20 శాతాన్ని ఖజానాకు మళ్లిస్తారు. ఇవన్నీ కోడ్‌లో రాసి ఉన్న నియమాలు. ఎవరూ బటన్ నొక్కనక్కర్లేదు.

ఖర్చు అలా కాదు. ఎవరో ప్రతిపాదన రాయాలి, డిపాజిట్ కట్టాలి, వారాల తరబడి ఓటింగ్ నడవాలి, పని మెట్లవారీగా పూర్తి కావాలి. మధ్యలో ఆగిన ప్రాజెక్టుల చివరి వాయిదాలు ఖజానాలోనే ఉండిపోతాయి. టోకెన్ ధర పెరిగిన ఏడాది డాలర్లలో అడిగినవారికి తక్కువ టోకెన్లతో సరిపోతుంది కాబట్టి మిగులు ఇంకా లావెక్కుతుంది.

ఈ మిగులు నిజంగా మిగులేనా అన్నది ముందు తేల్చుకోవాలి. 2024 తొలి ఆరు నెలల్లో పోల్కాడాట్ ఖజానా దాదాపు 8.7 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. అందులో ప్రకటనలు, ప్రచారానికే సుమారు 3.7 కోట్లు పోయాయని తెలిసి పెద్ద గొడవైంది. అప్పటికి చేతిలో ఉన్నది సుమారు 24.5 కోట్ల డాలర్లు. అదే ఊపులో ఖర్చయితే రెండేళ్లకు మించి రాదని లెక్క తేలింది. ఆ నిల్వలో ఎక్కువ భాగం సొంత టోకెన్ రూపంలోనే ఉండేది. ధర సగమైతే గడువూ సగమవుతుంది. ఇవాళ మిగులుగా కనిపించేది చాలాసార్లు రేపటి జీతాల సొమ్మే.

పుట్టనివ్వకపోవడం, కాల్చడం, దాచడం

డాష్ అనే నెట్‌వర్క్ 2015లో తెచ్చిన బడ్జెట్ పద్ధతి అన్నిటికన్నా తేటైనది. బ్లాకు ప్రతిఫలంలో (లావాదేవీల కొత్త కట్ట, అంటే బ్లాకు, చేరినప్పుడల్లా పుట్టే నాణేల్లో) 10 శాతాన్ని ప్రతిపాదనల కోసం ప్రత్యేకించారు. తర్వాత ఈ వాటాను పెంచారు. నెలకొకసారి వచ్చే సూపర్‌బ్లాక్‌లో ఆమోదం పొందిన ప్రతిపాదనలకు మాత్రమే నాణేలు పుడతాయి. ఆమోదం పొందని భాగం అసలు పుట్టదు. మిగులు అనే సమస్యే అక్కడ లేదు.

పోల్కాడాట్ ఖజానాను 24 రోజుల ఖర్చు గడువుతో నిర్మించారు. గడువు ముగిసేసరికి ఖర్చుకాకుండా ఉన్నదాంట్లో 1 శాతం కాలిపోయేలా పెట్టారు. ఏడాదిలో ఇలాంటి గడువులు 15 వస్తాయి. రాబడి, ఖర్చు రెండూ సున్నా అనుకుంటే ఏడాది చివరికి నిల్వలో సుమారు 14 శాతం హరించుకుపోతుంది. ఖర్చుపెట్టండి, లేకపోతే పోతుంది అని నెమ్మదిగా నెట్టే ఏర్పాటు ఇది.

దాని సోదర నెట్‌వర్క్ కుసామాలో జరిగింది మరింత ఆసక్తికరం. అక్కడ 6 రోజులకోసారి 0.2 శాతం కోత పెట్టారు. కానీ కోసిన సొమ్మును కాల్చకుండా సొసైటీ అనే సభ్యుల బృందం ఖాతాలోకి మళ్లించారు. కుసామా పక్షి బొమ్మను ఒంటిమీద పచ్చబొట్టు పొడిపించుకుని, సభ్యుల ఓటుతో లోపలికి వచ్చినవారికి అందులోంచి చెల్లింపులు ఉంటాయి. ఖర్చుకాని ఖజానా నిధిని భాగస్వామ్యానికి బహుమతిగా మార్చడం కోడ్ స్థాయిలోనే సాధ్యమని ఇది చూపింది. కోత చిన్నది కాబట్టి, అందుకునే బృందం కూడా చిన్నది కాబట్టి, అది ఖజానా నిర్ణయాలను వంకర తిప్పేంత ప్రలోభం కాలేదు.

కార్డానోలో మిగిలినది మిగిలినట్టే తర్వాతి ఎపాక్‌కు వెళుతుంది. దాచడం అన్నిటికన్నా సులువైన దారి, అన్నిటికన్నా నిశ్శబ్దంగా తగాదాలు పెంచే దారి కూడా.

కాల్చినా పంచినట్టే

పంపిణీ మీద వాదించుకునేవారు తరచూ మరిచే విషయం ఒకటుంది. 1 లక్ష టోకెన్లు కాలిపోతే మిగతా టోకెన్ల వాటా ఆ మేరకు పెరుగుతుంది. అంటే టోకెన్ ఉన్న ప్రతి ఒక్కరికీ, ఓటు వేసినా వేయకపోయినా, నిష్పత్తి ప్రకారం లాభం చేరినట్టే. అదే 1 లక్షను ఓటర్లకు పంచితే కొత్త సంపద ఏమీ పుట్టదు. ఓటు వేయనివారి జేబులోంచి వేసినవారి జేబులోకి విలువ మారుతుంది. చురుకైనవారికి ప్రోత్సాహం అనే మాటకు అసలు అర్థం నిష్క్రియులపై పన్ను. అది తప్పనేమీ కాదు, కానీ ఆ పేరుతోనే చర్చకు పెట్టాలి. దీర్ఘకాలం దాచుకునే చిన్న మదుపరి, ఎక్స్ఛేంజిలో టోకెన్లు ఉంచుకుని ఓటు వేసే వీలులేని వ్యక్తి, ఇద్దరూ ఈ పన్ను కడతారు.

తిరస్కరణకు దొరికే కూలి

అసలు ప్రమాదం ఇక్కడుంది. ఊహాజనిత అంకెలతో చూద్దాం. మొత్తం టోకెన్లు 10 కోట్లు. ఓటింగ్‌లో పాల్గొనేవి 2 కోట్లు. ఒక పెద్ద వాటాదారు దగ్గర 20 లక్షలున్నాయి: మొత్తంలో 2 శాతం, ఓటు వేసిన టోకెన్లలో 10 శాతం. నియమం ఏమిటంటే, ఖర్చుకానిదాంట్లో 25 శాతాన్ని ఓటు వేసినవారికి పంచాలి.

1 లక్ష టోకెన్లు అడిగే ప్రతిపాదన వచ్చింది. దానివల్ల నెట్‌వర్క్‌కు 1,20,000 టోకెన్ల విలువ చేకూరుతుందనుకుందాం. మంచి ప్రతిపాదనే. ఆమోదిస్తే పెద్ద వాటాదారుకు అందులో 2 శాతం, అంటే 2,400 టోకెన్ల విలువ దక్కుతుంది. తిరస్కరిస్తే 25,000 పంపిణీకి వెళతాయి, అందులో 10 శాతంగా 2,500 నేరుగా చేతికొస్తాయి. మిగిలిన 75,000 ఖజానాలో ఉంటాయి, వాటిలో ఆయన 2 శాతం విలువ 1,500. మొత్తం 4,000. వద్దనడమే ఆయనకు లాభం.

ఈ ఓటరు స్వప్రయోజనంతో అవునని చెప్పాలంటే ప్రతిపాదన తెచ్చే విలువ 2 లక్షలు దాటాలి. పెట్టినదానికి రెట్టింపు రాబట్టే పనులకు తప్ప దారి మూసుకుపోతుంది. పాల్గొనేవారు ఎంత తగ్గితే పాల్గొన్నవారి వాటా అంత పెరుగుతుంది కాబట్టి, మిగతావారు ఓటింగ్‌కు రాకపోవడమే వీరికి మేలు. భాగస్వామ్యం పెంచడానికి తెచ్చిన పథకం భాగస్వాములు తక్కువగా ఉండాలని కోరుకునేవారిని తయారుచేస్తుంది.

దీన్ని సరిచేయాలంటే బహుమతి మొత్తాన్ని ఆ గడువులో మిగిలిన సొమ్ముతో తెగతెంపులు చేయాలి. గత నాలుగైదు గడువుల సగటు మిగులును ఆధారంగా తీసుకుని బహుమతి కొలనును (పంచే మొత్తాన్ని) ముందే ప్రకటిస్తే, ఇవాళ్టి వద్దు ఓటు రేపటి ఆదాయాన్ని కొద్దిగానే కదిలిస్తుంది. కొలనుకు గరిష్ఠ పరిమితి పెట్టి, దాన్ని దాటిన మిగులు ఖజానాలోనే ఉండేలా చేస్తే ఇంకా నయం. పరిమితి నిండాక తిరస్కరణకు అదనపు కూలి ఏమీ ఉండదు. అవును, వద్దు, తటస్థం, మూడింటికీ ఒకే బహుమతి ఉండాలన్నది అందరూ ఒప్పుకునేదే. కానీ పై లెక్కలో బహుమతి ఓటు దిశను బట్టి ఇవ్వలేదన్నది గమనించాలి. వంకర వచ్చింది ఫలితం వల్ల. కాబట్టి ఆ సమానత్వం ఒక్కటే చాలదు.

భాగస్వామ్యాన్ని కొలవడం

టోకెన్ల సంఖ్య ప్రకారం పంచితే పెద్దవారికే పెద్ద ముద్ద. 1 లక్ష టోకెన్ల కొలను, 2 కోట్ల ఓట్లు అనుకుంటే 1,000 టోకెన్ల ఓటరుకు 5 వస్తాయి, 10 లక్షల ఓటరుకు 5,000. చిన్న ఓటరుకు వచ్చే 5 టోకెన్ల విలువ, నాలుగు ప్రతిపాదనలు చదవడానికి పట్టే గంటకు సరితూగదు.

దీనికి విరుగుడుగా వర్గమూలం వాడాలనే సూచన వస్తుంటుంది. 10 లక్షల టోకెన్లకు వర్గమూలం 1,000. అదే వ్యక్తి వాటిని 10,000 చొప్పున 100 వాలెట్లలో సర్దితే ఒక్కోదానికి 100 చొప్పున మొత్తం 10,000 పాయింట్లు. పది నిమిషాల పనితో వాటా పది రెట్లు. మనిషికొక ఖాతా అన్న గుర్తింపు ఏర్పాటు లేనిచోట వర్గమూలం పద్ధతి నడవదు. మనిషికింత అని సమానంగా పంచే పద్ధతి ఇంకా త్వరగా కూలిపోతుంది.

ఓట్ల సంఖ్యను లెక్కిస్తే స్క్రిప్టులు ఓటు వేస్తాయి. ప్రతి ప్రతిపాదనకూ చదవకుండా ఒకే మీట నొక్కే ఖాతాలు వందల్లో పుట్టుకొస్తాయి. అందుకే కొన్ని సంఘాలు ఓటరు మీద కాక ప్రతినిధి మీద దృష్టి పెట్టాయి. ఆర్బిట్రమ్ డావో (డావో అంటే టోకెన్‌దారుల ఓటుతో నడిచే సంఘం) 2024లో మొదలుపెట్టిన ప్రతినిధుల ప్రోత్సాహక పథకంలో వేసిన ఓట్లతో పాటు, ఓటుకు ఇచ్చిన కారణాలు, చర్చలో పాల్గొనడం కూడా స్కోరులో చేర్చారు. ఇది మెరుగే. అయితే మాటకు మార్కులు పెట్టినచోట మాటలు పెరగడం సహజం, వాటి నాణ్యతను తూచడానికి మళ్లీ ఒక మనిషి కావాలి, ఆ మనిషికి జీతమూ కావాలి.

ఆప్టిమిజం అనే నెట్‌వర్క్ 2023 సెప్టెంబరులో చేసిన మూడో విడత పంపిణీ వేరే కొలత ఎంచుకుంది. దాని సొంత ఓపీ టోకెన్లు సుమారు 1.9 కోట్లు 31 వేలకు పైగా చిరునామాలకు వెళ్లాయి. ప్రమాణం: ఎన్ని టోకెన్ల ఓటుహక్కును ఎన్ని రోజులపాటు ప్రతినిధికి అప్పగించారన్న గుణకారం. తమ ప్రతినిధి నిజంగా ఓటు వేసి ఉంటే అదనపు వాటా ఇచ్చారు. ఈ అదనంలోనే తెలివి ఉంది. పేరుకు ఎవరికో అప్పగించి మరిచిపోకుండా, పనిచేసే ప్రతినిధిని వెతుక్కోవడానికి అది కారణమిస్తుంది. రోజులను కూడా లెక్కలో పెట్టడంతో పంపిణీ ముందురోజు టోకెన్లు కొని వరుసలో నిలబడేవారికి చోటు దక్కలేదు.

కార్డానో బెల్లం కాకుండా బెత్తం వాడింది. 2025 జనవరి 29న ప్లోమిన్ అనే హార్డ్ ఫోర్క్ (నెట్‌వర్క్ నియమాల మార్పు) అమలయ్యాక, ఓటుహక్కును డీరెప్ అనే ప్రతినిధికి అప్పగించనివారు స్టేకింగ్ ప్రతిఫలాన్ని (టోకెన్లను నెట్‌వర్క్ నిర్వహణకు జతచేసినందుకు వచ్చేదాన్ని) బయటకు తీసుకోలేరు. ప్రతిఫలం జమవుతూనే ఉంటుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. ఖజానాకు పైసా ఖర్చులేదు. కానీ ఎల్లప్పుడూ తటస్థం అనే ఎంపిక కూడా తలుపు తెరుస్తుంది కాబట్టి, తాళం తీసినవారంతా పాలనలో పాల్గొన్నట్టు కాదు.

పంచేటప్పుడు ఎక్కడ తప్పుతుంది

మొదటి పని స్నాప్‌షాట్: ఏ బ్లాకు దగ్గర లెక్క ఆపాలో నిర్ణయించడం. ఆ బ్లాకు సంఖ్యను ముందుగా ప్రకటిస్తే టోకెన్లు అప్పు తెచ్చి చూపించేవారు వస్తారు. అప్పు తెచ్చిన ఓటుతో ఏం చేయవచ్చో 2022 ఏప్రిల్‌లో బీన్‌స్టాక్ అనే ప్రోటోకాల్ చూసింది. ఫ్లాష్ లోన్‌తో (ఒకే లావాదేవీలో తీసుకుని తీర్చేసే అప్పుతో) క్షణాల్లో మెజారిటీ తెచ్చుకున్న దుండగుడు తన ప్రతిపాదనను తానే ఆమోదించుకోవడంతో ఆ ప్రోటోకాల్ సుమారు 18 కోట్ల డాలర్లు నష్టపోయింది. గడిచిపోయిన బ్లాకునో, గడువంతా తీసిన సగటు నిల్వనో వాడటం సురక్షితం. పోల్కాడాట్‌లోలాగా ఓటుతోపాటు టోకెన్లకు తాళం పడే ఏర్పాటు ఉంటే ఇంకా మేలు. అక్కడ 7 రోజుల తాళానికి ఒక రెట్టు బలం, 224 రోజుల తాళానికి ఆరు రెట్ల బలం, తాళం లేని ఓటుకు పదో వంతు మాత్రమే.

తర్వాత మినహాయింపుల జాబితా. ఖజానా సొంత ఖాతా, ఫౌండేషన్ వాలెట్లు, ఇంకా విడుదల కాని ఉద్యోగుల టోకెన్లు, బ్రిడ్జ్ కాంట్రాక్టులు (నెట్‌వర్క్‌ల మధ్య టోకెన్లు తరలించే ప్రోగ్రాములు), ఎక్స్ఛేంజి వాలెట్లు తీసేయాలి. ఒక్కటి మరిచినా మిగతావారి వాటా తగ్గుతుంది. ఎక్స్ఛేంజిని చేర్చితే వేల మంది ఖాతాదారుల పేరున సొమ్ము కంపెనీకి చేరుతుంది. తీసేస్తే ఆ ఖాతాదారులు నష్టపోతారు. దీనికి పూర్తి పరిష్కారం లేదు. ఏ వైపు తప్పు చేస్తున్నారో ముందే చెప్పడం ఒక్కటే చేయగలిగింది.

వాటాల లెక్క పూర్ణాంకాల్లో సాగుతుంది. 1 డాట్ అంటే 1,000 కోట్ల ప్లాంక్‌లు, 1 అడా అంటే 10 లక్షల లవ్‌లేస్‌లు. భాగహారంలో వచ్చే భిన్నాన్ని ఎప్పుడూ కిందికే సర్దాలి. పైకి సర్దితే వాటాల మొత్తం కొలనును ఒకటి రెండు యూనిట్లు దాటి, చివరి వ్యక్తి తీసుకోబోయినప్పుడు కాంట్రాక్టులో సరిపడా సొమ్ము లేక లావాదేవీ విఫలమవుతుంది. చిన్న తప్పే, కానీ అది బయటపడేది చివరిరోజున.

వేల చిరునామాలకు ఒక్కొక్కటిగా పంపితే రుసుములే కొలనును తినేస్తాయి. అందుకే జాబితా మొత్తాన్ని మెర్కిల్ ట్రీగా (హ్యాష్‌లనే చిన్న గణిత ముద్రల చెట్టుగా) మార్చి, దాని మూల హ్యాష్‌ను మాత్రం చెయిన్‌పై ఉంచుతారు. ఎవరి వాటాను వారు రుజువు చూపి తీసుకుంటారు. ఆ హ్యాష్‌ను పెట్టడానికి ముందు పూర్తి జాబితాను, లెక్కకు వాడిన కోడ్‌ను బయటపెట్టి కనీసం వారం అభ్యంతరాలకు ఇవ్వాలి. ఒకసారి చెల్లింపులు మొదలయ్యాక తప్పు దిద్దడం అసాధ్యమనే చెప్పాలి.

అతి చిన్న వాటాలు మరో తలనొప్పి. ఖాతా బతికుండటానికి ఉండాల్సిన కనీస నిల్వ పోల్కాడాట్ రిలే చెయిన్ అనే ప్రధాన చెయిన్‌లో 1 డాట్‌గా ఉండేది. అప్పుడు ఖాళీ ఖాతాకు 0.4 డాట్ పంపితే అది చేరేది కాదు. ఇథీరియం ప్రధాన చెయిన్‌లో అయితే రద్దీ ఉన్నరోజు తీసుకునే రుసుమే వాటాను మించిపోవచ్చు. కనిష్ఠ పరిమితి పెట్టి, దానికి లోపున్నవారి వాటాను తర్వాతి విడతకు జమచేయడం ఒక మార్గం. గడువులోగా ఎవరూ తీసుకోనిది ఖజానాకు తిరిగి వచ్చేలా కాంట్రాక్టులోనే రాయాలి. ఆ వాక్యం లేక శాశ్వతంగా చిక్కుకుపోయే టోకెన్లు ఎవరికీ చెందవు.

నిండిన ఖజానా మీద కన్ను

పంచకుండా దాచడానికీ ప్రమాదముంది. టోకెన్ల మార్కెట్ విలువ కన్నా ఖజానా విలువ ఎక్కువైనప్పుడు, టోకెన్లు కొని ఖజానాను పంచుకుని వెళ్లిపోవడమే వ్యాపారమవుతుంది. నౌన్స్ డావోలో (దాని ఓటు టోకెన్లే నౌన్‌లు) 20 శాతం నౌన్‌ల యజమానులు కోరితే విడిపోయే వీలు కల్పించారు. 2023 సెప్టెంబరులో సగానికి పైగా, 472 నౌన్‌లు, సుమారు 2.7 కోట్ల డాలర్ల విలువైన వాటాతో బయటకు నడిచాయి. వారిలో ఖజానా వాటా కోసమే తక్కువ ధరకు కొన్నవారూ ఉన్నారు. అదే ఏడాది నవంబరులో డావోల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఆరగాన్‌ను నడిపిన ఆరగాన్ అసోసియేషన్ తనను తాను రద్దుచేసుకుని, 86,343 ఈథర్‌ను (ఇథీరియం నాణేన్ని) టోకెన్‌దారులకు తిరిగివ్వడానికి సిద్ధపడింది. ఆరగాన్ టోకెన్ ఏఎన్‌టీ ఒక్కింటికి 0.0025376 ఈథర్ లెక్కన. అక్కడ కొలత భాగస్వామ్యం కాదు, కేవలం టోకెన్లు చేతిలో ఉండటం. టోకెన్‌దారుల ఓటు లేకుండానే ఆ నిర్ణయం జరగడం విమర్శలకు గురైంది.

2024 జులైలో అప్పులిచ్చే ప్రోటోకాల్ కాంపౌండ్‌లో జరిగింది ఇంకా సూటిగా ఉంటుంది. ఖజానాలోంచి 4,99,000 కాంప్ టోకెన్లను, అప్పటి ధరల్లో సుమారు 2.4 కోట్ల డాలర్లు, ఒక బృందం నడిపే వాల్ట్‌కు తరలించే ప్రతిపాదన వ్యతిరేకంగా 6,33,636 ఓట్లు పడగా 6,82,191 ఓట్లతో గెలిచింది. ఓటింగ్‌కు దూరంగా ఉన్నవారి వల్లే అది సాధ్యమైంది. గొడవ ముదిరాక రాజీ కుదిరి దాన్ని ఉపసంహరించారు. రాజీలో భాగంగా ముందుకొచ్చిన ఆలోచన ఏమిటంటే, ప్రోటోకాల్ రిజర్వుల్లో ఏటా 30 శాతాన్ని కాంప్‌ను స్టేక్ చేసినవారికి పంచడం. పంపిణీ ఇక్కడ ఔదార్యం కాదు, దాడికి విలువ తగ్గించే రక్షణ చర్య.

మన దేశంలో పన్ను లెక్క

హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని ఇలాంటి నెట్‌వర్క్‌లో ఓటు వేసి టోకెన్లు అందుకున్నవారికి రెండు దశల్లో పన్ను పడే అవకాశముంది. టోకెన్లు చేతికొచ్చిన రోజున ఉన్న మార్కెట్ విలువను ఆదాయంగా చూపాలన్నది పన్ను సలహాదారులు ఎక్కువగా తీసుకునే వైఖరి. అమ్మినప్పుడు వచ్చే లాభంపై 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను, దానిపై సెస్సు. అదే ఏడాది జులై 1 నుంచి నిర్ణీత పరిమితి దాటిన బదిలీలకు 1 శాతం టీడీఎస్ కూడా ఉంది.

ఇబ్బంది ధర పడినప్పుడు తెలుస్తుంది. చేతికొచ్చిన రోజు 1,000 రూపాయల విలువున్న టోకెన్లు అమ్మేనాటికి 400కు పడిపోతే, 1,000పై ఆదాయపు పన్ను ఎలాగూ కట్టాలి. 600 నష్టాన్ని మరే ఆదాయంతోనూ, మరో క్రిప్టో లాభంతోనూ సర్దుబాటు చేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. చిన్న చిన్న వాటాలు ఏడాదికి 15 సార్లు వస్తే, ప్రతిసారీ తేదీ, ఆ రోజు ధర, లావాదేవీ హ్యాష్ రాసిపెట్టుకోవాలి. మెర్కిల్ పద్ధతిలో తీసుకునే తేదీ ఓటరు చేతిలోనే ఉంటుంది కాబట్టి, ఏడాదికొకసారి కలిపి తీసుకుంటే ఈ నమోదులు పదిహేను నుంచి ఒకటికి తగ్గుతాయి, రుసుమూ ఒక్కసారే పడుతుంది. అయితే కాంట్రాక్టు గడువు ఎప్పుడు ముగుస్తుందో చూసుకున్నాకే ఆగాలి.